ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్ మార్పిడి

ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో ఆయిల్ అరుగుదలను తగ్గించడంతో ఆగదు. టార్క్ కన్వర్టర్‌లో ఇంజిన్ బలాన్ని ముందుకు పంపేదీ, క్లచ్‌లను బిగించే ఒత్తిడినిచ్చేదీ అదే. అన్ని కార్లకూ ఒకే ఆయిల్ సరిపోదు. శ్రీ సత్యసాయి జిల్లా పెనుకొండ దగ్గర ఎర్రమంచిలోని కియా కర్మాగారంలో తయారై 2019లో మార్కెట్‌లోకి వచ్చిన సెల్టోస్‌నే చూడండి: డీజిల్‌కు టార్క్ కన్వర్టర్, 1.5 లీటర్ల పెట్రోల్‌కు గేర్ల మెట్లు లేని ఐవీటీ, టర్బో పెట్రోల్‌కు రెండు క్లచ్‌ల డీసీటీ. ఒకదాని ఆయిల్ మరొకదానిలో పోస్తే గేర్‌బాక్స్ పాడవుతుంది. దుకాణదారు మాటకన్నా కారు మాన్యువల్ నమ్మదగినది.

టార్క్ కన్వర్టర్ రకంలో డ్రెయిన్ బోల్టు విప్పితే ఆయిలంతా దిగదు. కన్వర్టర్‌లో, గొట్టాల్లో చాలా మిగిలిపోతుంది. దిగినంత కొలిచి, కొత్తది అంతే పోయాలి. అసలు చిక్కు మట్టం చూడటంలో ఉంది. చాలా కొత్త కార్లకు డిప్‌స్టిక్ ఉండదు. కారును సమతలంగా నిలిపి, ఇంజిన్ నడుస్తుండగా, ఆయిల్ నిర్ణీత వేడికి చేరాక, మట్టం బోల్టు తీసి చూడాలి. కారు కిందికి దూరేవారు జాకీని నమ్ముకోకూడదు, గట్టి స్టాండ్లు తప్పనిసరి. పాత ఆయిల్‌ను మురుగుకాల్వలో పోయకూడదు. ఆయిల్ వేడిని చూపే స్కానర్ లేనివారు ఈ పనిని మెకానిక్‌కు అప్పగించడమే మేలు.