కాకాని ఇంటి కాగితాల్లో అమ్మ సంతకం

ఈ వారం ఎపిసోడ్ మా ఇంటి బీరువాలోంచి మొదలవుతుంది.

మాది పెదకాకాని. గుంటూరు నుంచి విజయవాడ వెళ్లేటప్పుడు హైవే మీద వస్తుంది, మల్లేశ్వరస్వామి గుడి ఉన్న ఊరు. పోయిన ఏడాది మా పాత ఇంటి మీద పై అంతస్తు వేద్దామని హోమ్ లోన్ గురించి తిరిగాం. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి వీడియోలు చేసుకునేవాడికి లోన్ ఎవరిస్తారు చెప్పండి, అందుకని నాన్న పేరు మీదే అనుకున్నాం. కాగితాలన్నీ మంచం మీద పరిచాక తెలిసింది, అసలు ఆ స్థలం నాన్నది కాదు, అమ్మది. అమ్మమ్మ వాళ్లు పెళ్లికి పసుపు కుంకుమ కింద రాసిచ్చారట. నాకు ఇరవై తొమ్మిదేళ్లు, ఈ సంగతి నాకు అప్పటిదాకా తెలీదు. ఆ కాగితాల్లోనే ఇంకోటి దొరికింది. ఎప్పుడో అదే స్థలం తనఖా పెట్టి ఇంట్లో అప్పు తెచ్చారు, కింద అమ్మ సంతకం ఉంది.

"ఎందుకు పెట్టావమ్మా సంతకం?" అన్నాను.

"ఇక్కడ పెట్టమన్నారు, పెట్టాను," అంది.

అప్పుడు మా పెద్దమ్మ కూతురు అక్కడే ఉంది. అక్క గుంటూరులో ఒక హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీ బ్రాంచిలో క్రెడిట్ ఆఫీసర్. పదకొండేళ్లుగా జనం ఇళ్ల కాగితాలు చూడటమే ఆమె పని. మా అమ్మ మాట విని నవ్వలేదు. "పిన్నీ, నేను రోజూ వినే మాట ఇది," అంది. ఈ ఎపిసోడ్ అక్కడ పుట్టింది.

ముందు కొంచెం వెనక్కి వెళ్దాం. మన గుంటూరు, కృష్ణా వైపు ఆడపిల్లకి పెళ్లిలో పొలమో స్థలమో పసుపు కుంకుమ కింద ఇవ్వడం పాత ఆనవాయితీ. అంటే పేరుకి ఆడవాళ్లకి ఆస్తి ఉండేది. పండిన మిర్చి ఎవరు అమ్మాలి, పత్తి డబ్బు ఎవరి జేబులోకి వెళ్లాలి, ఎప్పుడు తనఖా పెట్టాలి, అవి మాత్రం మగవాళ్లు చూసుకునేవాళ్లు. అదైనా ఇస్తేనే. పుట్టింటి ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా పుట్టుకతో హక్కు కావాలంటే చట్టం మారాలి. ఆ పని దేశంలో ముందు చేసిన రాష్ట్రం మనదే. ఎన్టీఆర్ ప్రభుత్వం 1986లో హిందూ వారసత్వ చట్టానికి సవరణ తెచ్చింది, 1985 సెప్టెంబర్ 5 నుంచి వర్తించేలా. తమిళనాడు 1989లో, కర్ణాటక, మహారాష్ట్ర 1994లో ఆ దారిలోకి వచ్చాయి. కేంద్రం 2005 దాకా ఆగింది.

కానీ మన చట్టంలో ఒక మెలిక ఉండేది. ఆ తేదీకి ముందే పెళ్లయిపోయిన కూతుళ్లకి అది వర్తించలేదు. మా పెద్దమ్మ పెళ్లి 1984లో అయింది, మా అమ్మ పెళ్లి తర్వాత అయింది. ఒకే తల్లి కడుపున పుట్టిన ఇద్దరు, మధ్యలో ఒక తేదీ. ఇప్పటికీ లోన్ ఫైల్లో లీగల్ ఒపీనియన్ రాసే లాయరు అమ్మాయిల పెళ్లి ఏడాది ఎందుకు అడుగుతాడో నాకు అప్పుడు అర్థమైంది. సంతకం పెట్టాల్సిన ఆడపడుచు ఒకరు మిస్సయినా, ఆ టైటిల్ మీద రేపు కేసు పడుతుంది.

సరే, ఆస్తి కథ అది. అప్పు ఇచ్చే వైపు టేబుల్ దగ్గర ఆడవాళ్లు ఎప్పుడు కూర్చున్నారు?

మన దేశంలో మామూలు జీతగాడికి ఇల్లు కొనడానికి నెలవారీ కిస్తీల మీద అప్పు దొరకడం నిజంగా చాలా కొత్త విషయం. హస్ముఖ్‌భాయ్ పరేఖ్ అనే పెద్దాయన ఐసీఐసీఐ నుంచి రిటైరయ్యాక, 66 ఏళ్ల వయసులో, 1977లో హెచ్‌డీఎఫ్‌సీ పెట్టారు. అంతకుముందు ఇల్లు అంటే జీవితమంతా కూడబెట్టి, పీఎఫ్ డబ్బు వచ్చాక కట్టుకునేది. ఆ మరుసటి ఏడాది, 1978లో, రేణు సూద్ కర్నాడ్ ఆ కంపెనీలో చేరారు. లా చదివారు, ఎకనామిక్స్‌లో ఎంఏ చేశారు. ఎక్కడికీ మారకుండా అక్కడే ఎదిగి 2010లో మేనేజింగ్ డైరెక్టర్ అయ్యారు. 2023 జూలై 1న ఆ కంపెనీ హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకులో కలిసిపోయే దాకా ఆ కుర్చీలో ఉన్నారు. ఒక మనిషి ఉద్యోగ జీవితం, ఒక దేశంలో హోమ్ లోన్ చరిత్ర, రెండూ దాదాపు ఒకే పొడుగు. ఇలాంటివి ఎక్కువ దొరకవు.

అమెరికా ముందుందిలే అనుకుంటున్నారా? అక్కడ బ్యాంకులు ఆడదానివని, పెళ్లయిందని అప్పు నిరాకరించకూడదని చట్టం వచ్చింది 1974లో. అంతకుముందు మంచి జీతం ఉన్నా మొగుడి సంతకం తెమ్మనేవాళ్లు. మనిషిని చంద్రుడి మీదకి పంపిన ఐదేళ్ల తర్వాత అన్నమాట!

మన దగ్గర ఇంకో దారి కూడా ఉంది, అది ముంబయి ఆఫీసుల్లోంచి రాలేదు. 1992లో నెల్లూరు జిల్లాలో సారా వ్యతిరేక ఉద్యమం, దాని వెనకాలే పొదుపు సంఘాలు. రోజుకి రూపాయి. డ్వాక్రా అంటే మీ ఇంట్లో కూడా ఎవరో ఒకరు ఉండే ఉంటారు. లెక్క రాయడం, తీర్మానం రాయడం, బ్యాంకు మేనేజరు ముందు కుర్చీలో కూర్చుని మాట్లాడటం ఊళ్లల్లో ఆడవాళ్లు అక్కడ నేర్చుకున్నారు. మా పెద్దమ్మ సంఘంలో పుస్తకాలు రాసేది. ఆ పుస్తకాల పక్కన కూర్చుని కూడికలు నేర్చుకున్న పిల్లే మా అక్క. ఎంబీఏ తర్వాత సంగతి.

ఇక అక్క పని. దీని గురించి కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే నాకు బాగా నచ్చిన భాగం ఇదే.

మీకు ఐటీ జాబ్ ఉంటే లోన్ ఈజీ. శాలరీ స్లిప్పు, ఫారం 16, సిబిల్ స్కోరు, అయిపోయింది. మిర్చి యార్డులో హమాలీకి ఏ స్లిప్పు ఉంటుంది? కోల్డ్ స్టోరేజీ దగ్గర తొడిమలు తీసే ఆవిడకి? ఇలాంటి ఫైళ్లకి ఆఫీసర్ ఇంటికి వెళ్లి మాట్లాడాలి. దాన్ని పీడీ అంటారు, అంటే పర్సనల్ డిస్కషన్. అక్క ముందు వాకిట్లో కుర్చీలో కూర్చోదు, నేరుగా వంటింటి గడప దగ్గరికి పోతుంది. బియ్యం ఎన్ని రోజులకి ఒక బస్తా, గ్యాస్ బండ ఎన్నాళ్లు వస్తుంది, పాల కేంద్రంలో పుస్తకం ఉందా, సంఘంలో కిస్తీ ఎంత కడుతున్నారు, పిల్లల ఫీజు ఎవరిస్తారు. మగాయన వాకిట్లో నెలకి ముప్పై వేలు అంటాడు. లోపల ఆవిడ సీజన్లో నాలుగైదు నెలలే ఆ డబ్బు అని చెబుతుంది. అక్క ఆ సీజన్ డబ్బుని 12తో భాగించి, ఉన్న అప్పుల కిస్తీలు తీసేసి, ఎంత ఈఎంఐ మోయగలరో రాస్తుంది.

"లోపలికి వెళ్లకపోతే ఎక్కువ లోన్ ఇచ్చేస్తాంరా," అంది ఒకసారి. "ఎక్కువ ఇచ్చిన లోనే కదా మునిగేది."

మా అమ్మకి ఈఎంఐ చెప్పింది కూడా అక్కే. పది లక్షలు, 9 శాతం, 20 ఏళ్లు అనుకుంటే నెలకి దాదాపు 9,000. మొదటి నెల అందులో 7,500 వడ్డీకే పోతుంది, అసలులో తగ్గేది 1,500. అమ్మ కాసేపు లెక్కేసుకుని, "అయితే మొదటి ఏళ్లలోనే కొంచెం ఎక్కువ కట్టేస్తే పోలా?" అంది. నాలుగేళ్ల బీటెక్‌లో నేను అడగని ప్రశ్న అది.

అక్క కెరీర్ ఎక్కడ ఆగిందో చెబుతాను. బ్రాంచ్ మేనేజర్ పోస్టు రెండుసార్లు దాటిపోయింది. కారణం ఏం చెప్పారంటే, కలెక్షన్స్ అనుభవం లేదని. కలెక్షన్స్ అంటే కిస్తీ కట్టనివాళ్ల దగ్గరికి వెళ్లి వసూలు చేయడం. 90 రోజులు దాటితే ఖాతా ఎన్‌పీఏ అవుతుంది, బ్రాంచి నంబర్లన్నీ దాని మీదే. మరి కలెక్షన్స్‌కి ఎందుకు పంపలేదు? "ఆడపిల్లవి, సాయంత్రం పూట ఊళ్లల్లో తిరగడం బాగోదు." పంపనిదీ వాళ్లే, అనుభవం లేదన్నదీ వాళ్లే. ఆ కంపెనీ పేరు చెప్పను, అక్క ఇంకా అక్కడే ఉంది. ఇంకో సంగతి, రిజర్వ్ బ్యాంక్ రూల్ ప్రకారం వసూలుకి ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత అసలు ఫోన్ కూడా చేయకూడదు. చీకట్లో తిరగాల్సిన పనేమీ లేదన్నమాట.

దీన్ని కంపెనీ కుట్ర అని నేను అనను. మా పెదనాన్న కూడా అచ్చం అదే మాట అన్నాడు, ప్రేమగానే. అందుకే దాంతో పోట్లాడటం కష్టం.

ఇంతలో లోన్ తీసుకునే వైపు రూల్స్ మారిపోయాయి. ఇందిరమ్మ ఇళ్లు గానీ, 2020లో రాష్ట్రంలో పంచిన 30 లక్షలకు పైగా స్థలాల పట్టాలు గానీ, ప్రభుత్వాలు మారినా ఆడవాళ్ల పేరు మీదే ఇచ్చారు. 2015లో వచ్చిన పీఎంఏవై వడ్డీ సబ్సిడీలో, తక్కువ ఆదాయం వాళ్లు ఇల్లు కొనాలంటే ఆడవాళ్ల పేరు తప్పనిసరిగా ఉండాల్సి వచ్చేది. కొన్ని బ్యాంకులు ఆడవాళ్లకి వడ్డీ 0.05 శాతం తగ్గిస్తాయి. చిన్నదే, కానీ ఆ 0.05 కోసం పెళ్లాం పేరు కాగితంలో మొదట రాయించిన మొగుళ్లని అక్క చాలామందిని చూసింది. పేరు రాయించారు సరే, ఏటీఎం కార్డు ఎవరి దగ్గర ఉందో కూడా అక్క అడుగుతుంది. అది ఫారంలో లేని ప్రశ్న.

అమరావతి ప్రకటన తర్వాత మా కాకాని, నంబూరు, కాజ వైపు సెంటు రేట్లు ఎలా లేచాయో మీకు తెలుసు. స్థలం విలువ పెరిగితే దాని మీద అప్పు కూడా పెరుగుతుంది, సంతకాలు కూడా పెరుగుతాయి. అంటే వంటింటి గడప దాకా వెళ్లే ఆఫీసర్లు ఇప్పుడే ఎక్కువ కావాలి.

మా లోన్ అక్క కంపెనీలో పెట్టలేదు, బంధువుల ఫైలు కదా, వేరే చోట పెట్టాం. అమ్మ మెయిన్ అప్లికెంట్. నాన్న కో అప్లికెంట్. తనఖా పత్రం సంతకం రోజు ఆ ఆఫీసులో కుర్రాడు పెన్సిల్‌తో ఇంటూ మార్కులు పెట్టి, "ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ పెట్టండమ్మా" అన్నాడు. అమ్మ కళ్లజోడు తీసి తుడుచుకుని, మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టింది. గంటా పది నిమిషాలు పట్టింది. ఆ కుర్రాడు రెండుసార్లు టీ తాగొచ్చాడు.

అక్క ఈ జనవరిలో తనే అడిగి కలెక్షన్స్‌కి మారింది, ఏడాది పాటు. మొదటి రోజు చేబ్రోలు వైపు ఒక ఇంటికి వెళ్లింది, మూడు కిస్తీలు బాకీ. ఇంటాయన లేడు. ఆవిడ మంచినీళ్లిచ్చి, ఏం చెప్పాలో తెలీక నిలబడిందట. అక్క అలవాటుగా గడప దాటి లోపలికి వెళ్లి, "బియ్యం ఉన్నాయా?" అని అడిగింది. ఆ రోజు ఒక్క రూపాయి రాలేదు. మిర్చి అమ్మగానే ఆవిడే ఫోన్ చేసి ఒక కిస్తీ కట్టింది. బ్రాంచ్ మేనేజర్ ఇంటర్వ్యూ మళ్లీ వచ్చే మార్చిలో ఉంది. ఏమైందో అప్పుడు చెబుతాను.

మీ ఇంటి కాగితాలు ఎవరి పేరు మీద ఉన్నాయో ఒకసారి బీరువా తీసి చూసి కామెంట్‌లో రాయండి. వచ్చే వారం ఆంధ్రా బ్యాంకు కథ, 1923లో మచిలీపట్నం నుంచి మొదలుపెడదాం. ఉంటాను.