మెసపొటేమియా నాగరికతలలో దేవతలు, వీరులు, మత విశ్వాసాలు

మెసపొటేమియాలో నగర రాజ్యాలు ఎలా ఏర్పడ్డాయో, లిపి ఎలా పుట్టిందో మీరు ఇంతకుముందు చదివారు. ఆ నగరాలవారు ఏ దేవతలను కొలిచారో, వారి నుంచి ఏమి ఆశించారో ఇప్పుడు తెలుసుకుందాం. ముందుగా ఒక జాగ్రత్త చెప్పాలి. ఈ విషయం తెలుగులో రాసేటప్పుడు 'దేవుడు', 'పూజారి', 'పరలోకం' వంటి మాటలు వాడక తప్పదు. వాటితోపాటు మనకు అలవాటైన అర్థాలు కూడా వచ్చి చేరతాయి. పుణ్యానికి స్వర్గం, పాపానికి నరకం అనే భావనను పక్కన పెడితేగాని మెసపొటేమియా మతం బోధపడదు. చనిపోయాక స్వర్గసుఖాలు ఉంటాయని ఆ మతం ఎవరికీ మాట ఇవ్వలేదు. అయినా అది మూడు వేల ఏళ్లపాటు నిలిచింది. అలా ఎలా నిలిచిందన్న ప్రశ్నను మనసులో ఉంచుకుని చదవండి.

నగరానికి యజమాని దేవుడే

సుమేరియన్ల దృష్టిలో ప్రతి నగరమూ ఒక దేవత సొత్తు. ఉరుక్ నగరం ఆకాశ దేవుడు అన్‌కూ, ప్రేమకూ యుద్ధానికీ అధిదేవత అయిన ఇనన్నాకూ చెందినది. నిప్పూర్ ఎన్‌లిల్‌ది, ఎరిదు మంచినీటికీ వివేకానికీ దేవుడైన ఎన్‌కీది, ఊర్ చంద్రదేవుడు నన్నాది. సూర్యదేవుడు ఉతుకు సిప్పర్, లార్సా నగరాలు రెండింటిలోనూ ప్రధాన ఆలయాలున్నాయి. అక్కాడియన్ భాష మాట్లాడేవారు ఈ దేవతలనే వరుసగా అను, ఇష్తార్, ఎల్లిల్, ఏయా, సిన్, షమాష్ అన్నారు. విద్యార్థులు పరీక్షలో తికమకపడేది ఇక్కడే. ఒకే దేవతకు రెండు భాషల్లో రెండు పేర్లున్నాయని గుర్తుంచుకోండి.

ఆలయమంటే దేవుడి ఇల్లు. సుమేరియన్ భాషలో ఇంటికీ గుడికీ ఒకటే మాట, 'ఎ'. ఆ ఇంట్లో ఉండే విగ్రహానికి వస్త్రాలు కట్టేవారు, నగలు పెట్టేవారు, వేళకు భోజనం వడ్డించేవారు. ఉరుక్‌లో దొరికిన ఒక చివరికాలపు పలక ప్రకారం దేవతలకు రోజుకు నాలుగుసార్లు భోజనం జరిగేది. రొట్టెలు, బీరు, ఖర్జూరాలు, గొర్రె మాంసం అందులో ఉండేవి. ఇంత వ్యవహారం నడవడానికి ఆలయాలకు పొలాలు, మందలు, నేతశాలలు ఉండేవి. నగరంలోని భూమి అంతా ఆలయానిదేనని ఒకప్పుడు చరిత్రకారులు భావించారు. లగాష్ పలకల్లోని లెక్కలను తిరిగి పరిశీలించాక అది అతిశయోక్తి అని తేలింది.

క్రీ.పూ. 2100 ప్రాంతంలో ఉర్-నమ్ము రాజు ఊర్‌లో నన్నా కోసం ప్రారంభించిన జిగ్గురాత్ అడుగుభాగం సుమారు 64 మీటర్ల పొడవు, 45 మీటర్ల వెడల్పు ఉంటుంది. లోపల పచ్చి ఇటుక, పైన తారుతో అతికిన కాల్చిన ఇటుక. చూడటానికి పిరమిడ్‌లా కనిపించినా అది సమాధి కాదు. దేవుడి ఆలయాన్ని ఎత్తున నిలిపిన కట్టడం.

మనిషిని ఎందుకు పుట్టించారు?

దీనికి సమాధానం 'అత్రహసీస్' కథలో ఉంది. దాని ప్రసిద్ధ ప్రతి బాబిలోనియా రాజు అమ్మి-సదూకా కాలంలో, క్రీ.పూ. 17వ శతాబ్దంలో రాసినది. కథ ప్రకారం మొదట్లో కాలువలు తవ్వే చాకిరీ చిన్న దేవతలదే. ఎంతోకాలం మోసి, విసిగి, పనిముట్లు తగలబెట్టి వారు ఎన్‌లిల్ ఇంటిని ముట్టడిస్తారు. అప్పుడు ఒక దేవుణ్ణి చంపి, అతని రక్తమాంసాలను మట్టితో కలిపి మనిషిని చేస్తారు. ఇకపై పని మనిషిది. వ్యవసాయమంతా కాలువల మీద ఆధారపడిన దేశంలో, ఏటా పూడిక తీయడానికి నిర్బంధంగా వెళ్లే ప్రజలు తమ శ్రమకు చెప్పుకున్న కారణం ఇది. పాలకులకూ ఈ కథ అనుకూలమే. కానీ సమ్మె చేసిన మొదటివారు దేవతలేనని చెప్పే కథను కేవలం పాలకుల ప్రచారంగా కొట్టివేయలేం.

తర్వాత మనుషులు పెరిగి, వారి గోలకు ఎన్‌లిల్ నిద్ర చెడుతుంది. అతడు తెగులును, కరవును, చివరికి జలప్రళయాన్ని పంపుతాడు. ఎన్‌కీ హెచ్చరికతో అత్రహసీస్ పడవ కట్టి బతుకుతాడు. ప్రళయంలో నైవేద్యం పెట్టేవారు లేక దేవతలే ఆకలితో అలమటించారని కథ చెబుతుంది. అంటే మనిషికి దేవుడు ఎంత అవసరమో, దేవుడికీ మనిషి అంత అవసరం. ఈ మతానికి ఆయువుపట్టు అదే.

నైలు వరద నియమంగా వస్తుంది కాబట్టి ఈజిప్టువారు ఆశావాదులనీ, టైగ్రిస్, యూఫ్రటీస్ వరదలు పంట కోతకొచ్చే వేళ ఊడిపడతాయి కాబట్టి మెసపొటేమియావారు నిరాశావాదులనీ చాలా పుస్తకాలు రాస్తాయి. అందులో కొంత నిజం ఉంది. కానీ దేవతల చరిత్రను నదులు ఎంత మలిచాయో రాజకీయాలూ అంతే మలిచాయి. బాబిలోన్ చిన్న పట్టణంగా ఉన్నంతకాలం మర్దుక్ చిన్న దేవుడే. ఆ నగరం సామ్రాజ్యంగా ఎదిగాక, 'ఎనూమా ఎలిష్' కావ్యంలో సముద్రరూపిణి అయిన తియామత్‌ను చంపి, ఆమె దేహంతో భూమ్యాకాశాలను నిర్మించి అతడు దేవతలకు రాజయ్యాడు. కొత్త సంవత్సరపు అకీతు ఉత్సవంలో నాలుగో రోజున ఈ కావ్యాన్ని పఠించేవారు. మరునాడు పూజారి రాజు చిహ్నాలను తీసేసి, చెంప మీద కొట్టేవాడు. రాజు కంట నీరు వస్తే దేవుడు ప్రసన్నుడైనట్టు. ఆఖరి రాజు నబోనిదస్ ఏళ్ల తరబడి అరేబియాలోని తైమాలో ఉండిపోవడంతో ఉత్సవం ఆగిపోయింది. క్రీ.పూ. 539లో బాబిలోన్‌ను గెలిచిన పర్షియా చక్రవర్తి సైరస్, తనను ఎంచుకున్నది మర్దుకేనని చాటించాడు.

గిల్గమేష్

దేవతలకు లేనిది, మనిషికి ఉన్నది మరణం. ఉరుక్ రాజు గిల్గమేష్ కథకు అదే కేంద్రం. సుమేరియన్ రాజుల పట్టిక అతడు 126 ఏళ్లు పాలించాడంటుంది. ఈ అంకెను చరిత్రగా తీసుకోకండి. మొదట సుమేరియన్‌లో విడివిడి కథలుగా ఉన్నది తర్వాత అక్కాడియన్‌లో ఒకే ఇతిహాసమైంది. మనకు బాగా తెలిసిన పన్నెండు పలకల రూపాన్ని సంప్రదాయం సిన్-లేకి-ఉన్నిన్నీ అనే పండితుడికి ఆపాదించింది. నినెవేలోని అషుర్‌బనిపాల్ గ్రంథాలయంలో దొరికిన పలకల నుంచి జార్జ్ స్మిత్ 1872 డిసెంబరులో లండన్‌లో అందులోని ప్రళయ కథను చదివి వినిపించాడు.

గిల్గమేష్‌లో మూడింట రెండు వంతులు దైవాంశ. మిగిలిన ఒక వంతే అతణ్ణి చంపుతుంది. మిత్రుడు ఎన్‌కిదుతో కలిసి దేవదారు అడవి కాపలాదారు హుంబాబాను చంపుతాడు. ఇష్తార్ ప్రేమను తిరస్కరిస్తాడు. ఆమె పంపిన దివ్య వృషభాన్నీ చంపుతారు. దేవతల తీర్పుతో ఎన్‌కిదు జబ్బుపడి మరణిస్తాడు. మిత్రుడి ముక్కులోంచి పురుగు రాలేదాకా గిల్గమేష్ శవాన్ని వదలడు. ఆ తర్వాత అతని పరుగంతా చావు నుంచి తప్పించుకోవడానికే. ప్రళయాన్ని దాటి అమరుడైన ఉత్నపిష్తిమ్ అతనికి ఆరు పగళ్లు, ఏడు రాత్రులు మేలుకొని ఉండమని పరీక్ష పెడతాడు. నిద్రనే గెలవలేనివాడు చావునేం గెలుస్తాడు? చివరికి దొరికిన యౌవన మూలికనూ ఒక పాము ఎత్తుకుపోతుంది. అతడు వట్టి చేతులతో తిరిగి వచ్చి, వెంట వచ్చిన పడవవాడికి ఉరుక్ కోటగోడను చూపిస్తాడు.

మరణించినవారు

చనిపోయినవారు చేరేది భూమి కింది చీకటిలోకం. అక్కడ ఆహారం దుమ్ము. మంచివారికీ చెడ్డవారికీ అదే చోటు. తేడా వచ్చేది భూమి మీద మిగిలినవారి వల్ల. పన్నెండో పలకలో ఎన్‌కిదు ఆత్మ చెప్పిన ప్రకారం, ఒక్క కొడుకు ఉన్నవాడు అక్కడ ఏడుస్తుంటాడు, ఏడుగురు ఉన్నవాడు చిన్న దేవతల సరసన కూర్చుంటాడు. తలచేవారు లేనివాడు కుండ అడుగున మిగిలిన మెతుకులు, వీధిలో పారేసిన రొట్టె ముక్కలు ఏరుకుంటాడు. అందుకే ప్రతి కుటుంబమూ తమ మృతులను పేరుపెట్టి పిలిచి, అన్నం పెట్టి, నీళ్లు పోసేది. ఈ కర్మను కిస్పు అనేవారు.

అమ్మి-సదూకా రాజు కోసం రాసిన ఒక కిస్పు పలక బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. అందులో ముందు హమ్మురాబితో సహా అతని పూర్వీకుల పేర్లు వరుసగా వస్తాయి. వాటి తర్వాత యుద్ధాల్లో నేలకొరిగిన సైనికులనూ, తూర్పు నుంచి పడమర వరకు తమను తలచేవారెవరూ లేని మృతులందరినీ వచ్చి తిని తాగమని పిలుస్తారు.