ఆటలమ్మ

ఆటలమ్మ, లేక చికెన్ పాక్స్, వారిసెల్లా జోస్టర్ అను వైరసువలన కలుగు అంటువ్యాధి. పూర్వము దీనిని మశూచికము యొక్క సౌమ్యరూపముగా నెంచుచుండిరి. ఆ రెండును వేర్వేరని 1767లో ఆంగ్ల వైద్యుడు విలియం హెబర్డెన్ స్పష్టపరచెను.

రోగి శ్వాసనుండి వెలువడు తుంపరలవలనను, పొక్కులలోని రసమువలనను వ్యాపించు నీ వైరసు, క్రొత్తవాని శ్వాసమార్గమున ప్రవేశించి, సమీప లసికాగ్రంథులలో వృద్ధిపొంది, రక్తముద్వారా దేహమెల్ల సంచరించి, 10 మొదలు 21 దినములలోపల చర్మమును జేరి, అచ్చటి కణములను ఉబ్బించి పగులజేయుటచే నీటిపొక్కులు లేచును. ఇవి విడతలు విడతలుగా పుట్టుటచే చిన్నమచ్చయు, నిండుపొక్కును, ఎండిన పెచ్చును ఒక్కచోటనే కానవచ్చును; మశూచికమున ఇట్లుండెడిది కాదు. పొక్కులు కనబడుటకు ఒకటి రెండు దినములు ముందే రోగి యితరులకు అంటింపగలడు గనుక, మన యిండ్లలో గుమ్మమునకు వేపమండలు కట్టునాటికే తోడి పిల్లలకు సోకియుండుట కద్దు.

పెచ్చులు రాలినంతమాత్రమున వైరసు నశింపదు. అది జ్ఞాననాడుల మూలములందలి కణసముదాయములలో దశాబ్దములు నిద్రాణమైయుండి, వార్ధక్యమునగాని, రోగనిరోధశక్తి సన్నగిల్లినపుడుగాని మేల్కొని, నాడివెంట చర్మమునకు దిగివచ్చి, దేహమున కొకప్రక్కన పట్టీగా, తీవ్రవేదనతో, సర్పి యను వ్యాధియై పొడసూపును. సర్పిరోగి వలన ఇతరులకు సర్పి రాదు. ఆటలమ్మ పోయనివారికి ఆటలమ్మయే వచ్చును.

పిల్లలలో తేలికగా పోవు నీ వ్యాధి పెద్దలలోను, గర్భిణులలోను న్యుమోనియాకు దారితీయవచ్చును. పిల్లల జ్వరమునకు ఆస్పిరిన్ ఈయరాదు. దానివలన కాలేయమును, మెదడును చెఱచు రై వ్యాధి కలుగవచ్చును. ఎసైక్లోవిర్ అను మందు వైరసు వృద్ధిని అరికట్టును. ఆటలమ్మ టీకాను 1974లో జపాను వైద్యుడు మిచియాకి తకహాషి రూపొందించెను.