గొట్టం అడుగున నీరు

2014 జూన్ 27, శుక్రవారం. తెల్లవారుజామున ఐదున్నర దాటింది. అప్పటి తూర్పుగోదావరి జిల్లా మామిడికుదురు మండలం నగరం గ్రామంలో ఇంకా చాలామంది పక్కల మీదే ఉన్నారు. భూమిలోని 18 అంగుళాల గొట్టం నుంచి వెలువడిన గ్యాస్ కొబ్బరి తోటల్లోకి, ఇళ్ళ మధ్యకి కమ్ముకుంటోంది. ఆ వాసన వాళ్ళకి కొత్త కాదు. లీకవుతోందని ముందే మొరపెట్టుకున్నామని తర్వాత ఊరివాళ్ళు నెత్తీనోరూ బాదుకున్నారు.

ఎక్కడో ఒక నిప్పురవ్వ. టీ కొట్టులో పొయ్యి వెలిగించారని అప్పట్లో అందరూ చెప్పుకున్న మాట. అంతే, చుట్టూ ఉన్న గాలే భగ్గుమంది. తలుపు తీసుకుని బయటికి పరిగెత్తినవాళ్ళకి వీధంతా మంటే ఎదురైంది. కొబ్బరి చెట్లు మొవ్వులతో సహా మాడి నల్లటి మోళ్ళయ్యాయి. 20 మందికి పైగా చనిపోయారు.

గ్యాస్ మంట కోనసీమకి తెలియనిది కాదు. 1995లో పాశర్లపూడి బావి 65 రోజులు మండింది. అయితే అది బావి. కింది ఒత్తిడికి ఎగదన్నింది. నగరంలో అలా కాదు. గొట్టాన్ని లోపల్నుంచి ఏదో కొంచెం కొంచెంగా తినేసింది. తిన్నది నీరు.

భూమిలోంచి వచ్చే గ్యాస్ తడిగానే వస్తుంది. వేడిగా ఉన్నంతసేపు ఆ తడి ఆవిరిగా కలిసి ఉంటుంది. దారిలో చల్లబడితే, అన్నం గిన్నె మూత అడుగున చెమర్చినట్టు చుక్కలు కడుతుంది. పల్లం చూసుకుని గొట్టం అడుగున నిలుస్తుంది. గ్యాస్‌లోని కార్బన్ డయాక్సైడ్ అందులో కరిగితే అది సోడా నీళ్ళే. మనిషి తాగితే త్రేన్పు, ఉక్కు తాగితే తుప్పు.

దీనికి మందు పాతదే. ట్రై ఇథిలీన్ గ్లైకాల్ అని, లేతపాకంలా ఉండే రంగులేని ద్రవం. వానాకాలం ఉప్పు జాడీ చూశారుగా, గాలిలోని చెమ్మనంతా లాక్కుంటుంది. దీని దాహమూ అలాంటిదే. కొబ్బరి చెట్టంత ఉక్కు స్తంభంలో పైనుంచి గ్లైకాల్‌ని అంతస్తులవారీగా జారవిడుస్తారు, కింది నుంచి గ్యాస్ పంపుతారు. రెండూ ఎదురెదురుగా ఒరుసుకుంటూ పోయేసరికి గ్యాస్ పొడిగా పైకి, గ్లైకాల్ నీళ్ళోడుతూ కిందికి వస్తాయి.

ఆ నీళ్ళ గ్లైకాల్‌ని పారబొయ్యరు, కాస్తారు. నాకు ఇక్కడ వెన్న కాచడమే గుర్తొస్తుంది. చిటపటలాడుతూ ముందు నీరు పోతుంది, నెయ్యి మిగులుతుంది. నీరు 100 డిగ్రీలకే ఆవిరవుతుంది. గ్లైకాల్ మరగాలంటే 280 దాటాలి. అందుకని 200 దగ్గర కాస్తారు. అంతకు బాగా మించితే మాడిన నెయ్యిలా చెడిపోతుంది. నీరు పోయి 99 శాతం దాకా శుద్ధి అయ్యాక మళ్ళీ స్తంభం పైకి. ఒకే ద్రవం, రోజూ అదే తిరుగుడు.

పేలుడు తర్వాత కేంద్ర పెట్రోలియం శాఖ వేసిన విచారణ కమిటీ చెప్పిందీ ఈ నీటి సంగతే. పొడి గ్యాస్ కోసం వేసిన గొట్టంలో తడి గ్యాస్ నడిచింది. నీరూ, దాంతోపాటు గ్యాస్‌లోంచి వేరుపడిన నూనె తుంపర్లూ కలిసి పోయాయి.

తాటిపాకలో బయల్దేరిన ఆ గ్యాస్ కొండపల్లి విద్యుత్ కేంద్రం దాకా పోవాలి. పక్కనే ఉన్న నగరం కూడా దాటలేదు.