రూపాయి పెడితే ఎంతొచ్చింది? రిగ్రెషన్ ఫలితాలు చెప్పే తీరు, దాని చరిత్ర

రిగ్రెషన్ ఫలితాలను కుదించి చెప్పే, బొమ్మగా గీసి చూపే సాఫ్ట్‌వేర్ల చరిత్రను ఎవరు రాసినా అమెరికా రాజనీతి శాస్త్రజ్ఞులతోనే మొదలుపెడుతున్నారు. 2000లో గారీ కింగ్, మైకేల్ టోమ్జ్, జేసన్ విట్టెన్‌బర్గ్ ‘క్లారిఫై’ అనే ప్రోగ్రాంను, దానితోపాటు ఒక వ్యాసాన్ని బయటపెట్టారు. గుణకాలను అలాగే వదిలేయకుండా మామూలు మనిషికి తెలిసే కొలతల్లోకి మార్చాలని, అందులో ఎంత అనిశ్చితి ఉందో కూడా చెప్పాలని వాదించారు. 2007లో కాస్టెలెక్, లియోని పట్టికలు మాని గ్రాఫులు గీయమన్నారు. అప్పటిదాకా అంతా చీకటే అన్నట్టు ఉంటుంది ఆ కథనం. మన వైపు దానికి ఇంకో మాట చేరుతుంది: కంప్యూటర్లు వచ్చాకే వ్యవసాయ అర్థశాస్త్రంలో లెక్క నికరమైందని. ఈ రెంటిలోనూ నిజం సగమే ఉంది. గుంటూరు, ప్రకాశం నల్లరేగడిలో పత్తి, మిర్చి వేసే రైతు ఖర్చుల లెక్కల వైపు నుంచి చూస్తే ముందు వెనకలు తారుమారవుతాయి. గుణకాన్ని రూపాయల్లోకి మార్చే పని చేతి యంత్రాల కాలంలోనే జరిగింది. కంప్యూటర్ అచ్చు వేసిన కాగితం దాన్ని కొన్ని దశాబ్దాలు పక్కకు నెట్టింది.

తొలి ఘట్టాలు అందరికీ తెలిసినవే. 1925లో గణాంక శాస్త్రవేత్త ఫిషర్ పుస్తకం వచ్చింది. ఫలితం గణనీయమా కాదా తేల్చే నూటికి ఐదు, నూటికి ఒకటి అనే హద్దులు పంట ప్రయోగాల నుంచే వాడుకలోకి వచ్చాయి. అంకె పక్కన ఒక నక్షత్రం, రెండు నక్షత్రాలు పెట్టే అలవాటు 1930లలో వ్యవసాయ ప్రయోగాల పట్టికల్లోనే కుదురుకుంది. కాబట్టి నక్షత్రాలకు సాఫ్ట్‌వేర్‌ను తప్పుపట్టడం సరికాదు, అవి దానికంటే పాతవి. 1928లో కాబ్, డగ్లస్ పెట్టుబడులకూ ఉత్పత్తికీ ఉన్న సంబంధాన్ని చూపే తమ సమీకరణాన్ని, అంటే ఉత్పత్తి ఫలాన్ని, ప్రకటించారు. మన దేశంలో 1954-55 నుంచి వ్యవసాయ యాజమాన్య అధ్యయనాలు మొదలయ్యాయి. ఆంధ్రలో పశ్చిమ గోదావరి జిల్లాను 1957 నుంచి మూడేళ్లు పరిశీలించారు. రైతు ఇంటికి పదేపదే వెళ్లి కూలి, ఎరువు, ఎద్దుల పని, దిగుబడి రాసుకొచ్చే పద్ధతి అక్కడ స్థిరపడింది.

ఈ వివరాలతో ఏం చేశారన్నదే అసలు విషయం. కాబ్-డగ్లస్ సమీకరణంలో వచ్చే గుణకం ఒక వ్యాకోచత్వం: ఖర్చు నూటికి ఒకటి పెరిగితే రాబడి నూటికి ఎంత పెరుగుతుందన్నది చెబుతుంది. అది రైతుకు అక్కరకు రాని అంకె. అందుకే ఆనాటి ఆర్థికవేత్తలు అక్కడ ఆగలేదు. గుణకాన్ని సగటు రాబడితో గుణించి, సగటు ఖర్చుతో భాగించి, చివరి రూపాయి ఎంత తెచ్చిందో తేల్చారు. దీన్నే ఉపాంత ఉత్పత్తి విలువ అన్నారు. డేవిడ్ హాపర్ ఉత్తరప్రదేశ్‌లోని సేనాపూర్ అనే ఊరి రైతుల వివరాలతో ఇదే చేశాడు. థియోడర్ షుల్జ్ 1964 నాటి పుస్తకంలో పేద రైతు ఉన్న వనరులను తెలివిగానే వాడుతున్నాడని వాదించినప్పుడు హాపర్ లెక్క ఆయనకు పెద్ద ఆధారమైంది. ఆ వాదాన్ని ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, అది నిలబడింది నక్షత్రాల మీద కాదు, ఉపాంత విలువను మార్కెట్ ధరతో పోల్చడం మీద.

దీనికి ఒక అభ్యంతరం రావచ్చు. వాళ్లు రూపాయల్లోకి మార్చారు సరే, అనిశ్చితి సంగతేమిటి? క్లారిఫై కొత్తదనం అదే కదా? జవాబు 1958 నాటి ‘ఎకనామెట్రికా’ పత్రికలో ఉంది. కార్టర్, హార్ట్‌లీ రాసిన చిన్న వ్యాసం కాబ్-డగ్లస్ నుంచి వచ్చే ఉపాంత ఉత్పత్తి అంచనాకు విచలన సూత్రాన్ని ఇచ్చింది. క్లారిఫైకి 42 ఏళ్ల ముందు. సాఫ్ట్‌వేర్ చరిత్రలు రాసేవాళ్లు ఈ వ్యాసాన్ని పట్టించుకోకపోవడం నాకు బాధ కలిగిస్తుంది. ఆ సూత్రాన్ని అప్పట్లో అందరూ వాడారని మాత్రం అనను. వాడకం తక్కువే. చేతితో తిప్పే యంత్రం మీద సమీకరణాలు సాధించడమే పెద్ద పని. దాని మీద మరో విచలనం లెక్కగట్టే ఓపిక తక్కువమందికే ఉండేది. ఆలోచన మాత్రం సిద్ధంగా ఉంది.

ఆ ఆలోచన ఎందుకు ముఖ్యమో ఒక ఎకరం మిర్చి మీద చూద్దాం. అంకెలు ఉదాహరణ కోసం అనుకున్నవి. దిగుబడి 20 క్వింటాళ్లు, క్వింటా ధర 15,000, రాబడి 3,00,000. పురుగుమందుల ఖర్చు 45,000. రిగ్రెషన్‌లో పురుగుమందు గుణకం 0.15, ప్రామాణిక దోషం 0.05. పట్టికలో దీనికి రెండు నక్షత్రాలు పడతాయి, ‘ప్రభావం గణనీయం’ అని కింద రాస్తారు. ఇప్పుడు రూపాయల్లోకి మారిస్తే చివరి రూపాయి మందు తెచ్చింది సరిగ్గా ఒక రూపాయి. ప్రామాణిక దోషానికి రెట్టింపు అటూ ఇటూ తీసుకుంటే 33 పైసల నుంచి రూపాయి 67 పైసల దాకా ఏదైనా కావచ్చు. అంటే ఇంకో దఫా మందు కొట్టాలా, ఆపాలా అన్నదానికి ఈ వివరాల్లో జవాబు లేదు. నక్షత్రాలు గుణకాన్ని సున్నాతో పోలుస్తాయి. రైతు పోల్చుకునేది పెట్టిన రూపాయితో.

తర్వాత వచ్చిన సాఫ్ట్‌వేర్‌లలో ఎస్ఏఎస్ పుట్టుక అమెరికా దక్షిణాది వ్యవసాయ ప్రయోగ కేంద్రాల అవసరాల్లోనే ఉంది. 1966లో నార్త్ కరోలినాలో పని మొదలై, 1976లో కంపెనీ అయింది. ఎస్‌పీఎస్ఎస్ 1968లో, స్టాటా 1985లో వచ్చాయి. సమీకరణం సాధించడం క్షణాల పనైంది. కానీ అవి అచ్చు వేసి ఇచ్చింది గుణకం, దోషం, టీ విలువ, సంభావ్యత. ఉపాంత విలువ కావాలంటే మళ్లీ విడిగా లెక్క వేసుకోవాలి. అచ్చులో లేనిది క్రమంగా వ్యాసాల్లోనూ లేకుండా పోయింది. మన వ్యవసాయ ఆర్థిక సిద్ధాంత గ్రంథాల్లో ఉపాంత విలువకూ ఖర్చుకూ నిష్పత్తి చూపే పట్టిక మిగిలింది కానీ, పక్కన దోషం లేకుండా, ఆచారంగా మిగిలింది. నిష్పత్తి ఒకటికి మించితే ‘తక్కువగా వాడుతున్నారు’, తగ్గితే ‘అతిగా వాడుతున్నారు’ అని రాసేస్తారు. పత్రికల్లో జాగా కొరత, పరీక్షకుల అలవాట్లు కూడా దీనికి కారణాలే. అయినా అచ్చు కాగితానిదే పెద్ద వాటా అని నా అభిప్రాయం.

ఈ నష్టం ఎక్కడో దూరాన జరిగింది కాదు. 1986లో లిచెన్‌బర్గ్, జిల్బర్‌మన్ ఒక సంగతి చూపించారు: పురుగుమందు ఎరువులాగా పంటను పెంచదు, పురుగు చేసే నష్టాన్ని ఆపుతుంది. దాన్ని మామూలు కాబ్-డగ్లస్‌లో పెడితే దాని ఉపాంత ఫలం ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుందని. ఆ మరుసటి ఏడే, 1987-88లో, ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో తెల్లదోమ, శనగపచ్చ పురుగు పత్తిని తినేశాయి. మందు మీద మందు కొట్టి, అప్పు తీర్చే దారిలేక రైతులు ప్రాణాలు తీసుకున్నారు. రిగ్రెషన్ పట్టిక చూసి ఎవరూ మందు కొట్టలేదు. కానీ ఆ మందు చివరి రూపాయికి ఎంత తెస్తున్నదో, దానిలో ఎంత అనుమానం ఉందో చెప్పగల లెక్క ఉండీ వాడుకలో లేదు.

కంప్యూటర్‌కు దక్కాల్సింది దక్కాలి. లాజిట్, టోబిట్ లాంటి నమూనాలను చేతి యంత్రం మీద సాధించడం మహా శ్రమతో కూడిన పని. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, 1963లో షికాగోలో డాక్టరేట్ పుచ్చుకున్న జి.ఎస్. మద్దాల 1983లో రాసిన పుస్తకం ఆ నమూనాలకు ప్రామాణికమైంది. కొత్త విత్తనం ఎవరు వేస్తారు, ఎవరు వేయరు అన్న అధ్యయనాలకు అదే దారి చూపింది. లాజిట్ గుణకాన్ని చూసి మామూలు భాషలో ఏమీ చెప్పలేం. మార్చి చెప్పక తప్పదు. ఫలితాలను సారాంశంగా చెప్పే సాధనాలు మళ్లీ పుట్టింది గ్రాఫుల అందం కోసం కాదు, ఈ నమూనాల ఒత్తిడి వల్లే.

ఆ తర్వాత జోరు పెరిగింది. బెన్ యాన్ స్టాటాకు ‘ఎస్టౌట్’, 2014లో ‘కోఎఫ్‌ప్లాట్’ ఇచ్చాడు. 2009లో స్టాటాలోకే ‘మార్జిన్స్’ ఆదేశం వచ్చింది. ‘ఆర్’ భాషలో ‘స్టార్‌గేజర్’, ‘టెక్స్‌రెగ్’, తర్వాత వాన్సాన్ అరెల్-బుండాక్ ‘మోడల్‌సమ్మరీ’, ‘మార్జినల్‌ఎఫెక్ట్స్’ వచ్చాయి. ‘స్టార్‌గేజర్’ పట్ల నాకు సదభిప్రాయం లేదు. పాత పట్టికనే అందంగా, వేగంగా తయారుచేసి, నక్షత్రాలను ఇంకా గట్టిపరిచింది. గుణకాలను చుక్కలుగా, దోషాన్ని అడ్డగీతలుగా చూపే బొమ్మలు దానికంటే మేలు. వాటిలో సాధారణంగా నిలువు గీత సున్నా దగ్గరే ఉంటుంది. మిర్చి పెట్టుబడికి ఆ గీత ఒకటి దగ్గర ఉండాలి. ‘మార్జినల్‌ఎఫెక్ట్స్’లో ఆ పోలిక ఎక్కడ కావాలంటే అక్కడ పెట్టుకోవచ్చు. కార్టర్, హార్ట్‌లీ చెప్పింది ఇప్పుడు ఒక్క వరుస ఆదేశం.

సగటు దాచే సంగతి మాత్రం అలాగే ఉంది. బీటీ పత్తి మీద కథాగే, ఖైమ్ 2012లో ఆంధ్రతో కలిపి నాలుగు రాష్ట్రాల రైతుల వివరాల నుంచి దిగుబడి నూటికి 24, లాభం నూటికి 50 పెరిగాయని తేల్చారు. ఆ అంకెలే ఊరూరా తిరిగాయి. కానీ ఖైమ్ బృందమే 2002-03 పంటను రాష్ట్రాలవారీగా విడదీసినప్పుడు, కరువు పడిన ఆంధ్రలో బీటీ వేసినవాళ్లకు సగటున మేలు జరగలేదు. రాష్ట్రానికో చుక్క పెట్టిన బొమ్మ ఒక్కటి ఆ 24 పక్కన అచ్చయి ఉంటే వాదోపవాదాల తీరు వేరుగా ఉండేది.

ఇప్పుడు మన విశ్వవిద్యాలయాల విద్యార్థులు హిస్సార్‌లో తయారైన ‘ఓపీస్టాట్’, కేరళ నుంచి వచ్చిన ‘గ్రేప్స్ఆగ్రి1’, నేరుగా ‘ఆర్’ వాడుతున్నారు. సాధనాలకు కొరత లేదు. కానీ రూపాయల్లో వచ్చే జవాబు ధరను బట్టి కూడా మారుతుంది. మిర్చికి కేంద్ర మద్దతు ధర లేదు. 2025లో ధర పడిపోతే మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాకు 11,781 రూపాయలు నిర్ణయించారు. పై ఉదాహరణలో 15,000 తీసి ఈ ధర పెడితే చివరి రూపాయి మందు తెచ్చేది 79 పైసలే. గుణకం మారదు, నక్షత్రాలు మారవు. ఇక కౌలు రైతు సంగతి: మందుల కొట్లో అప్పు పెట్టి, నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీకి ఎనిమిది నెలల తర్వాత యార్డులో మిర్చి టిక్కీలు (బస్తాలు) అమ్మి తీర్చేవాడికి ఆ నిలువు గీత ఒకటి దగ్గర కూడా కాదు, 1.16 దగ్గర. సొంత పొలం ఉన్నవాడికీ కౌలు రైతుకూ ఒకే బొమ్మ చాలదు. రెండు గీతలు గీయడానికి సాఫ్ట్‌వేర్ సిద్ధంగానే ఉంది. సర్వే కాగితంలో వడ్డీ ఎంత, ఎన్ని నెలలకు, ఎవరి దగ్గర అన్న గడులు ఉంటేనే వాటిని ఎక్కడ గీయాలో తెలుస్తుంది.