పట్టిన చేపని వదలకూడని సరస్సు

నా ప్రయాణాలన్నీ ముందు ఎక్సెల్ షీట్లోనే జరుగుతాయి. ఆఫీసు పని మీద మూడు నెలలు ఒసాకాలో ఉండాలని తెలిసిన రోజే ఒక షీట్ తెరిచాను. అడ్డంగా మూడు సరస్సులు: అషి, కావాగుచి, బీవా. నిలువుగా రైలు ఖర్చు, పడవ అద్దె, చేప సైజు, ఫూజీ కొండ కనిపిస్తుందా లేదా. టెక్సస్‌లో పనిచేసిన నాలుగేళ్ళలో నాకంటుకున్న ఒకే ఒక్క వ్యసనం లార్జ్‌మౌత్ బాస్ చేపని గాలంతో పట్టడం. పట్టడం, ఫోటో తీసుకోవడం, నీళ్ళలో వదిలెయ్యడం. ఆ చివరిదే ఈ ఆటలో మర్యాద అని అక్కడివాళ్ళు నేర్పారు, నేనూ నమ్మాను.

చివరి వారం నాన్న కూడా వస్తానన్నాడు. కైకలూరు దగ్గర పుట్టి, కొల్లేటి నీళ్ళలో పెరిగిన మనిషి. వదిలెయ్యడం గురించి ఫోన్లో చెబితే కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మరి పట్టడమెందుకురా?" అన్నాడు.

ఆ ప్రశ్నకి జపాన్లో వందేళ్ళ చరిత్ర ఉందని నాకప్పుడు తెలీదు.

బాస్ జపాన్ చేప కాదు. 1925లో అకబొషి తెత్సుమా అనే వ్యాపారవేత్త కాలిఫోర్నియా నుంచి తెప్పించి హకోనేలోని అషి సరస్సులో వదిలాడు. వచ్చినవి తొంభైకి కాస్త అటూ ఇటూ. డబ్బున్న ఇంట్లో పుట్టి, అమెరికాలో చదువుకుని, అక్కడే ఈ వేటకి అలవాటుపడినవాడు. (ఈ మూడింట్లో మొదటిది తప్ప మిగతావి నాకూ వర్తిస్తాయి.) దొంగతనంగా చేసిన పనేం కాదు, ప్రభుత్వ అనుమతి తీసుకునే చేశాడు. గాలానికి బాగా పోట్లాడుతుంది, తినడానికీ బావుంటుంది అనేది వాదన. అషినే ఎంచుకోవడానికీ కారణముంది. అగ్నిపర్వతపు గుంటలో కొండల మధ్య బందీ అయిన సరస్సు కాబట్టి, చేప బయటికి పోయి ఇతర నీళ్ళని పాడుచెయ్యదని. 1925 నాటికి అది చాలా జాగ్రత్తగల ఆలోచనే అనాలి.

కొండలు చేపనాపాయి గానీ మనుషులనాపలేదు. లూర్‌తో చేపలు పట్టడం ఫ్యాషనైన డెబ్బైల్లో సరస్సు నుంచి సరస్సుకి బాస్ మనుషుల చేతుల మీదుగానే ప్రయాణించింది. చివరికి మొత్తం 47 ప్రిఫెక్చర్లలోనూ తేలింది. బీవాలో కనిపించింది డెబ్బైల మధ్యలో.

బీవా గురించి కాస్త ఆగి చెప్పాలి. 670 చదరపు కిలోమీటర్ల నీళ్ళు, జపాన్లో అతి పెద్ద సరస్సు. వయసు నలభై లక్షల ఏళ్ళు. ఇంకెక్కడా దొరకని అరవై పైచిలుకు జాతులు ఇందులో ఉన్నాయి. వాటిలో నిగొరోబున ఒకటి. ఆ చేపని ఉప్పులో ఊరేసి, తర్వాత అన్నంలో పొరలుపొరలుగా పేర్చి నెలల తరబడి పులియబెడితే ఫునజుషి అవుతుంది. ఇవాళ ఊరూరా అమ్మే సుషీకి ముత్తవ్వ లాంటిది. వాసన గురించి ముందే హెచ్చరించారు. మన ఎండుచేపల సంతలో తిరిగినవాడికి అదో లెక్క కాదనుకుంటున్నా.

ఇలాంటి సరస్సులోకి దిగిన పరదేశి బాస్ ఒక్కటే కాదు. 1960లో యువరాజు అకిహితో అమెరికా వెళ్ళినప్పుడు షికాగో మేయర్ రిచర్డ్ డేలీ కొన్ని బ్లూగిల్ చేపల్ని కానుకగా ఇచ్చాడు. తిండికి పనికొస్తాయని పరిశోధనశాలల్లో పెంచారు. అక్కడినుంచి అవి నీళ్ళలోకి చేరాయి. ఆ తర్వాత జన్యు పరీక్షలు చేస్తే, దేశంలోని బ్లూగిల్స్‌కి మూలం అయోవా రాష్ట్రంలో గుటెన్‌బర్గ్ దగ్గర పట్టిన ఆ కొద్ది చేపలేనని తేలింది. అకిహితో మామూలు రాజు కాదు, గోబీ జాతి చేపల మీద పరిశోధనా పత్రాలు రాసిన శాస్త్రవేత్త. 2007లో, అప్పటికి చక్రవర్తిగా, ఆయన బీవా ఒడ్డునున్న ఒత్సు నగరానికి వచ్చి ఆ చేపల్ని తెచ్చింది తానేనని, ఇప్పుడు మనసుకి బాధగా ఉందని సభలో చెప్పాడు. నేను ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఆ మాట. నలభై ఏడేళ్ళ క్రితం మంచి మనసుతో అందుకున్న ఒక బహుమతి గురించి అందరి ముందూ అలా ఒప్పుకున్న పాలకులు నాకు వేరే ఎవరూ గుర్తురావడం లేదు.

అప్పటికే చట్టాలు మారిపోయాయి. బీవా ఉన్న షిగా ప్రిఫెక్చర్ 2003 నుంచి ఒక నియమం పెట్టింది: బాస్, బ్లూగిల్ పడితే తిరిగి నీళ్ళలో వదలకూడదు. ఒడ్డు పొడుగునా వాటిని పడెయ్యడానికి పెట్టెలు పెట్టారు. కొందరు కోర్టుకెళ్ళి 2005లో ఓడిపోయారు. అదే ఏడాది దేశం మొత్తానికీ పరదేశి జాతుల చట్టం అమల్లోకొచ్చింది. జాబితాలో బాస్‌ని చేర్చడం కొన్నాళ్ళు వాయిదా వేద్దామని నిపుణుల బృందం నసిగితే, పర్యావరణ మంత్రి కోయికే యురికో ఇప్పుడే చేర్చాలని పట్టుబట్టింది. బతికున్న బాస్‌ని ఒక చోటినుంచి ఇంకో చోటికి తీసుకెళ్తే ఇప్పుడు జైలుశిక్ష దాకా వెళ్ళొచ్చు.

అయినా అదే చేపకి నాలుగు చోట్ల పౌరసత్వముంది. అషి, కావాగుచి, యమనక, సాయి. అక్కడి మత్స్యకార సంఘాలకి బాస్ మీద హక్కులున్నాయి, టికెట్ కొని పట్టొచ్చు, వదలొచ్చు. కావాగుచిలోనైతే 2001లో గాలం వేసేవాళ్ళ మీద రోజుకి 200 యెన్‌ల పన్ను కూడా పెట్టారు. ఒకే చేప ఫూజీ కింద ఆదాయవనరు, బీవాలో నేరస్థుడు. వీసాల మీద బతికే మనబోటి వాళ్ళకి ఇక్కడో పోలిక తేవాలని చెయ్యి దురదపెడుతుంది. వద్దు. నిగొరోబున వైపు నుంచి చూస్తే ఆ పోలిక నిలవదు.

ఇదంతా చదివాక కూడా నా షీట్లో బీవాకే ఎక్కువ మార్కులొచ్చాయి, ఒక సిగ్గులేని కారణం వల్ల. 1932లో జార్జియాలో జార్జ్ పెర్రీ అనే రైతు కుర్రాడు 22 పౌండ్ల 4 ఔన్సుల బాస్ పట్టాడు. కరువు రోజులు, ఇంటిల్లిపాదీ వండుకు తిన్నారు. ఆ రికార్డు 77 ఏళ్ళు అలాగే ఉంది. 2009 జూలై 2న కురిత మనబు దానికి సమానమైన బరువుని, 10.12 కిలోల చేపని, బీవాలో పట్టాడు. వేసిన ఎర బతికున్న బ్లూగిల్. యువరాజు తెచ్చిన చేపని మింగబోయి వ్యాపారి తెచ్చిన చేప చిక్కిందన్నమాట. తూకంలో కాస్త ఎక్కువున్నా, పాత రికార్డుని కనీసం రెండు ఔన్సులు దాటాలనే నియమం వల్ల ఇద్దరూ సమానమే అన్నారు. అది కూడా అతనికి లై డిటెక్టర్ పరీక్ష పెట్టాక.

నాన్నకి ఇదంతా ఫోన్లో చెప్పాను. చక్రవర్తి సంగతి శ్రద్ధగా విన్నాడు. "మనకీ తిలాపియా అలానే వచ్చింది కదా, ఎవడైనా క్షమాపణ చెప్పాడా?" అన్నాడు. తిలాపియా మన దేశానికొచ్చింది 1952లో. అంతెందుకు, కైకలూరు చుట్టూ చెరువుల్లో పెంచే రూప్‌చంద్ కూడా దక్షిణ అమెరికాదే. ఆ మాటంటే నాన్న విషయం మార్చాడు. మా బాబాయి చెరువులో ఉన్నది అదే మరి.

నాకు మాత్రం తేలలేదు. కావాగుచికి వెళ్తే ఫూజీ కనిపిస్తుంది, నా అలవాటూ నిలుస్తుంది. బీవాకి వెళ్తే పట్టిన ప్రతి చేపనీ చంపాలి. ఇన్నేళ్ళలో నేనొక్క బాస్‌ని కూడా చంపలేదు. వదిలెయ్యడాన్ని దయ అనుకున్నాను. ఇక్కడ అదే పని నిగొరోబున పిల్లలకి మృత్యువు. తింటానికి తప్ప గాలం ముట్టని నాన్న పద్ధతే ఇక్కడ చట్టం.

కుసత్సులోని బీవా మ్యూజియం రెస్టారెంట్లో బాస్ టెంపురాని అన్నం మీద పెట్టి అమ్ముతారని తెలిసినప్పుడు షీట్ మూసేశాను. ఒసాకా నుంచి ఒత్సుకి రైల్లో నలభై నిమిషాలు. శనివారం ఉదయం వెళ్తున్నాం. నాన్న నిన్న సామాను జాబితా పంపాడు: పసుపు, కారం పొట్లం, చేపలు కోసే చిన్న కత్తి. కత్తి చెక్-ఇన్ బ్యాగులోనే పెట్టమని రెండుసార్లు చెప్పాను.