మెట్లెక్కిన ఆపిల్ పళ్లు

తూర్పు లండన్ కాక్నీల నోట ‘ఆపిల్స్ అండ్ పేర్స్’ అంటే పళ్లు కావు, మెట్లు. ‘పేర్స్’కూ ‘స్టెయిర్స్’కూ అంత్యప్రాస కుదిరింది, అంతే. అర్థంతో పనిలేదు. 1859లో జాన్ కామ్డెన్ హాటెన్ వేసిన వీధి మాటల నిఘంటువులో ఇలాంటి వాటికి విడిగా ఒక పట్టికే ఉంది.

అసలు గమ్మత్తు ఏమిటంటే, ప్రాస కలిపిన మాటనే మింగేస్తారు. ‘లుక్’ను ‘బుచర్స్ హుక్’ అన్నారు. కసాయి కొట్టులో మాంసం వేలాడే కొక్కెం అది. వాడగా వాడగా హుక్ ఊడిపోయి ‘బుచర్స్’ మిగిలింది. ఇప్పుడు ‘హ్యావ్ ఎ బుచర్స్’ అంటే ఓసారి చూడమని. ప్రాసే వినపడనప్పుడు కొత్తవాడు అర్థం ఎక్కడ పట్టుకుంటాడు? పోలీసులకు తెలియకుండా దొంగలు కట్టుకున్న భాష అని కొందరంటారు గానీ, నాకైతే ఇందులో వీధి వర్తకుల సరదాయే ఎక్కువ కనిపిస్తుంది.

బుర్ర వాడమనడానికి ‘యూజ్ యువర్ లోఫ్’ అంటారు. మూలం లోఫ్ ఆఫ్ బ్రెడ్. బ్రెడ్డుకు హెడ్డు. ఇక వెక్కిరింపుగా నాలుక చాపి ‘పుర్ర్’మనిపించడం ‘రాస్‌బెరీ’. పూర్తి మాట రాస్‌బెరీ టార్ట్. టార్ట్‌తో ప్రాస కలిసేదేమిటో మీరే ఊహించుకోండి, పత్రికలో రాయలేను.